దేవదూత బొమ్మలో అసలు చిక్కంతా భుజం దగ్గరే

దేవదూతను గీయబోయిన చిత్రకారుడు ముఖం కంటే ముందు భుజం సంగతి తేల్చుకోవాలి. ముఖానికి ఎవరో ఒక అందగాడు మోడల్‌గా దొరుకుతాడు, భుజానికి ఎవరూ దొరకరు. రెండు చేతులు ఉండగానే వాటి వెనక ఇంకో జత అవయవాలు మొలిచిన శరీరం లోకంలో ఎక్కడా లేదు. రెక్క ఎక్కడ పుడుతుంది? బట్టలోంచి ఎలా బయటికి వస్తుంది? అంత బరువును వెన్ను ఎలా మోస్తుంది? ఒక్కో కాలం, ఒక్కో ఊరు దీనికి ఒక్కో జవాబు చెప్పాయి. కొందరు రెక్కలే పెట్టలేదు. కొందరు జుట్టుతోనో మేఘంతోనో ఆ చోటు కప్పేశారు. ఇంకొందరు చచ్చిన పిట్టను ముందు పెట్టుకుని ఈక ఈకా పరిశీలించారు. మ్యూజియంలో దేవదూత బొమ్మ ముందు నిలబడితే ముందు చూడాల్సింది రెక్క మొదలు, తర్వాత పాదాలు. చిత్రకారుడు ఏమనుకుని గీశాడో ఆ రెండు చోట్ల తెలిసిపోతుంది.

రెక్కలు లేని తొలి దూతలు

బైబిల్లో దేవదూతల ఒడ్డూపొడుగూ గురించి ఉన్నది చాలా తక్కువ. ఆదికాండంలో అబ్రాహాము గుడారం ముందుకు వచ్చిన ముగ్గురూ మనుషుల్లాగే ఉంటారు. ఆయన వాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెప్పించి భోజనం పెడతాడు. యాకోబు కలలో దూతలు నిచ్చెన మీద ఎక్కుతూ దిగుతూ కనిపిస్తారు. రెక్కలే ఉంటే నిచ్చెనతో పనేముంది? రోమ్‌లో ప్రిసిల్లా భూగర్భ సమాధుల గోడ మీద, 3వ శతాబ్దానిదిగా చెప్పే బొమ్మలో, కుర్చీలో కూర్చున్న స్త్రీ ముందు పొడవాటి అంగీ, ఉత్తరీయం వేసుకున్న యువకుడు చెయ్యి చాచి నిలబడ్డాడు. యేసు పుట్టబోతున్నాడని గబ్రియేలు దూత ఆయన తల్లి మరియకు చెప్పే మంగళవార్త దృశ్యానికి ఇది అతి పాత చిత్రాల్లో ఒకటని చెబుతారు. ఆ యువకుడు గబ్రియేలు. రెక్కల్లేవు, ప్రభామండలం లేదు. వియా లాటినా సమాధుల్లో యాకోబు నిచ్చెన ఎక్కుతున్న దూతలకూ రెక్కల్లేవు.

రెక్కలు గీయడం రోమన్ చిత్రకారులకు చేతకాక కాదు. విజయదేవత విక్టోరియా రెక్కలతో నాణేల మీద, విజయతోరణాల మీద ఎగురుతూనే ఉంది. రెక్క పెడితే తమ దూతను ఆ దేవత అనుకుంటారేమో అన్న జంకే అడ్డుపడి ఉంటుంది. పాత మతం బలం తగ్గేకొద్దీ ఆ జంకూ తగ్గింది. థియోడోసియస్ చక్రవర్తి కాలానికి (379–395) చెందిన శవపేటిక ఒకటి ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉంది. దాని పక్కల మీద ఎదురెదురుగా ఎగురుతున్న ఇద్దరు దూతలు క్రీస్తు చిహ్నమున్న దండను పట్టుకుని ఉంటారు. వాళ్లకు పూర్తి రెక్కలున్నాయి. భంగిమ విక్టోరియాదే, మనిషి మాత్రం మారాడు.

ఈ మార్పు జరుగుతున్న రోజులు ఎలా ఉండేవో రోమ్‌లోని సాంటా మరియా మాజోరె చర్చిలో చూడొచ్చు. 432–440 మధ్య రంగు ముక్కలు పొదిగి చేసిన మొజాయిక్‌లలో, పొడవాటి గోడ మీద అబ్రాహాము ఇంటికి వచ్చిన ముగ్గురికి రెక్కల్లేవు. పూజాపీఠం పైనున్న కమాను మీద మరియ చుట్టూ ఉన్న దూతలకు తెల్లటి రెక్కలున్నాయి. ఒకే చర్చి, ఒకే కాలం, రెండు పద్ధతులు. కథలో మనుషుల్లా వచ్చినవాళ్లను మనుషుల్లాగే ఉంచి, పరలోకపు కొలువును చూపాల్సిన చోట రెక్కలు తొడిగారు.

6వ శతాబ్దానికి రెక్క ఖాయమైపోయింది, శరీరానికీ చోటుకీ లెక్క మాత్రం ఇంకా కుదరలేదు. బ్రిటిష్ మ్యూజియంలో కాన్‌స్టాంటినోపుల్ పనిగా చెప్పే దంతపు ఫలకం ఒకటి ఉంది. ఎత్తు 42.8 సెంటీమీటర్లు, వెడల్పు 14.3. మీద ప్రధాన దూత. ముఖం, బట్ట మడతలు, రెక్క ఈకలు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పాదాల దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. దూత నిలబడ్డ మెట్లు స్తంభాలకు వెనక ఉన్నాయి, చేతులూ రెక్కలూ చూస్తే స్తంభాలకు ముందు ఉన్నాయి. పాదాలు ఒక్క మెట్టు మీద ఆనకుండా మెట్ల వరసల మీదుగా వేలాడుతున్నట్టుంటాయి. చెక్కినవాడి చెయ్యి ఎంత నేర్పున్నదో చూస్తే దీన్ని పొరపాటు అనడానికి మనసొప్పదు. నేల మీద నిలబడే బరువున్న ప్రాణి కాదని చెప్పడానికే అలా వదిలేశాడని చాలామంది నమ్ముతారు.

ఆరు రెక్కలు, రెండు రంగులు

బైబిలు రెక్కలను విడమరిచి వర్ణించిన చోట్లలో రెండు ముఖ్యం, రెండూ గీయడానికి మహా కష్టం. యెషయా 6వ అధ్యాయంలో సెరాపులనే దూతలకు ఆరేసి రెక్కలు: రెంటితో ముఖం, రెంటితో కాళ్లు కప్పుకుని, రెంటితో ఎగురుతారు. యెహెజ్కేలు చూసిన జీవులకు నాలుగేసి ముఖాలు, నాలుగేసి రెక్కలు. పక్కనే కళ్లతో నిండిన చక్రాలు. ఇంటర్నెట్‌లో ‘అసలు బైబిల్ దేవదూత ఇదీ’ అంటూ తిరిగే కళ్ల గుత్తులన్నీ ఈ యెహెజ్కేలు వర్ణన నుంచి వచ్చినవే. కాకపోతే మరియ దగ్గరికి వచ్చిన గబ్రియేలుకు ఆ వర్ణన అంటగట్టడం కుదరదు. అవి వేరే వర్గాలు.

వర్గాల లెక్క 500 ప్రాంతంలో తేలింది. డయొనీషియస్ పేరుతో రాసిన ఒక సిరియా రచయిత దూతలను మూడేసి చొప్పున తొమ్మిది శ్రేణులుగా పేర్చాడు. అందరికంటే పైన సెరాపులు, తర్వాత కెరూబులు. అట్టడుగున ప్రధాన దూతలు, మామూలు దూతలు. చిత్రకారులకు ఇది పనికొచ్చే సూత్రం అయింది. ప్రేమతో మండే సెరాపులకు ఎరుపు, జ్ఞానం నిండిన కెరూబులకు నీలం. వీళ్లకు ఒళ్లు అక్కర్లేదు, ముఖం చుట్టూ రెక్కలు చాలు. అలా గీస్తే భుజం చిక్కే రాదు. ఫ్రెంచి చిత్రకారుడు జాన్ ఫూకే 1450లలో గీసిన మరియమ్మ చిత్రం ఆంట్‌వెర్ప్‌లో ఉంది. మరియ చుట్టూ ఉన్న పిల్లలు కొందరు నిలువెల్లా ఎరుపు, కొందరు నిలువెల్లా నీలం. చర్మం, జుట్టు, రెక్క అన్నీ అదే రంగు. ఈ రంగుల సంగతి తెలియనివాళ్లు దాన్ని ఏ 20వ శతాబ్దపు బొమ్మో అనుకుంటారు.

ఇస్తాంబుల్‌లో హగియా సోఫియా గుమ్మటం కింద నాలుగు మూలల్లో ఆరు రెక్కల మహారూపాలు నాలుగున్నాయి. తూర్పు వైపువి మొజాయిక్‌లు, పడమటి వైపువి రంగులతో వేసినవి. ముఖాలను లోహపు మూతలతో కప్పేశారు. 2009లో ఒక మూత తీస్తే కింద ముఖం భద్రంగా కనిపించింది. ఇథియోపియాలోని గోండర్‌లో దెబ్రె బెర్హన్ సెలాసీ చర్చి పైకప్పు నిండా వంద పైచిలుకు ముఖాలు, ఒక్కో దానికి రెండే రెక్కలు. వరసలు వరసలుగా ఉన్న ఆ పెద్ద కళ్లు కిందికే చూస్తుంటాయి. ఒక చూపుకీ ఇంకో చూపుకీ పొందిక లేకపోవడమే ఆ పైకప్పుకు ప్రాణం పోసింది. అచ్చు వేసినట్టు ఒకేలా ఉంటే అది గోడ కాగితమై ఉండేది.

చచ్చిన పాలపిట్ట, అద్దె రెక్కలు

ఒళ్లున్న దూతకు రెక్క పెట్టాలంటే పక్షి రెక్క కట్టుబడి తెలియాలి. పక్షి రెక్క అంటే చెయ్యే. జబ్బ ఎముక, మోచేతి కింద రెండెముకలు, మణికట్టు, వేళ్లు అతుక్కుపోయిన అరచెయ్యి అన్నీ అందులో ఉంటాయి. అరచేతి భాగం నుంచి అన్నిటికన్నా పొడవైన ఈకలు వస్తాయి, చాలా పక్షులకు పది దాకా. పక్షిని ముందుకు లాగేవి అవే. మోచేతి భాగం నుంచి కాస్త పొట్టి ఈకలు వస్తాయి, గాల్లో నిలిపేవి అవి. ఈ రెంటి మొదళ్లనూ చిన్న ఈకలు వరసలు వరసలుగా కప్పుతాయి. పెద్ద ఈకకు కాడ నడిమధ్యన ఉండదు. గాలికి ఎదురుగా ఉండే అంచు సన్నం, వెనకంచు వెడల్పు. రెక్క ముడిచినప్పుడు అరచేతి ఈకలు మోచేతి ఈకల కిందికి జారిపోతాయి.

ఇవి తెలియకుండా గీసినవాళ్లందరూ దాదాపు ఒకే తప్పులు చేస్తారు. ఈకలన్నీ ఒకే పొడవున, ఒకే బిందువు నుంచి విచ్చుకుంటాయి, రెక్క కాస్తా విసనకర్ర అవుతుంది. ఒళ్లు పక్కకు తిరిగి ఉన్నా రెక్కలు రెండూ ఎదురుగా, ఒకే కొలతలో నిలబడతాయి. ముడిచిన రెక్కలో పొడవాటి ఈకలు పైకి తేలతాయి. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది రెక్కను మెడ వెనక, అంగీ పట్టీ దగ్గర పుట్టించడం. అప్పుడు దూత తల తిప్పితే రెక్కా తిరగాలి. పని తెలిసినవాళ్లు దాన్ని భుజపుటెముక లోపలి అంచున, వెన్నెముక పక్కగా పుట్టిస్తారు. చెయ్యి ఎంత ఎత్తినా రెక్కకు అడ్డం రాదు. రెక్క మణికట్టు వంపు తల పక్కన గానీ కాస్త పైన గానీ తేలుతుంది, ముడిచిన కొస పిక్కల దాకా దిగుతుంది. అంతకంటే పొట్టిగా ఉంటే అలంకారమే తప్ప ఎగిరే సాధనంగా కనిపించదు. నిజంగా లెక్క వేస్తే అదీ చాలదు. మనిషిని మోసే హ్యాంగ్ గ్లైడర్ రెక్కల వెడల్పు 10 మీటర్లకు దగ్గరగా ఉంటుంది, పావురం ఒంట్లో ఐదో వంతు దాకా ఛాతీ కండరాలే ఉంటాయి. ఆ కొలతలన్నీ పాటిస్తే దూత ముఖం ఎక్కడో మూలన చిన్నదైపోతుంది. చిత్రకారుడు పాటించాల్సింది కట్టుబడి, కొలత కాదు.

లియొనార్డో డావించి 1472 ప్రాంతంలో గీసిన మంగళవార్త ఫ్లోరెన్స్‌లోని ఉఫిజి గ్యాలరీలో ఉంది. గబ్రియేలుకు ఆయన పెట్టినవి వేటపక్షి రెక్కల్లాంటి పొట్టి, బలమైన రెక్కలు. కండరం పట్టు, ఈకల వరస తెలిసి గీసినవి. తర్వాత ఇంకెవరో వాటిని పొడిగించారు. దగ్గరగా చూస్తే ఆ అతుకు తెలుస్తుంది. కొసన చేర్చిన ముక్క చదునుగా, మట్టిరంగులో సాగి ఉంటుంది, మొదలు దగ్గరున్న బిగువు అందులో లేదు. దేవదూత రెక్క ఇంత పొడవుండాలి అన్న అలవాటు ముందు లియొనార్డో పరిశీలన ఓడిపోయింది.

జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ చచ్చిన పక్షి రెక్కనే ముందు పెట్టుకున్నాడు. వియన్నాలోని అల్బెర్టినాలో ఉన్న ఆ చిత్రం తోలు కాగితం మీద నీటిరంగులతో వేసినది, రెండు వైపులా 20 సెంటీమీటర్లకు మించదు. బొమ్మ మీద 1512 అని ఉన్నా 1500 నాటిదేనని వాదించేవాళ్లున్నారు. ఆ పక్షి యూరప్ పాలపిట్ట. దసరా నాడు తెలంగాణలో వెతుక్కుని మరీ చూసే మన పాలపిట్టకు దగ్గరి చుట్టం. మొదట్లో ఆకుపచ్చ, నీలం, కొసల్లో ముదురు నలుపు, ఒళ్లు నుంచి తెగిన చోట ఎర్రటి మాంసం, చెదిరిన నూగు ఈకలు. వాలినప్పుడు మట్టిరంగులో కనిపించే పిట్ట రెక్క విప్పగానే ఇన్ని నీలాలు ఎలా బయటపెడుతుందో చూసినవాళ్లకు, పాత చిత్రాల్లో దూతలకు రంగుల రెక్కలు ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

ఇటలీ చిత్రకారుడు కరవాజో విషయంలో ఏకంగా కోర్టు రికార్డే ఉంది. 1603లో రోమ్‌లో ఆయన మీద పరువునష్టం కేసు నడిచినప్పుడు, తోటి చిత్రకారుడు ఒరాత్సియో జెంటిలెస్కి వాంగ్మూలం ఇచ్చాడు. కరవాజో తన దగ్గర ఒక సన్యాసి అంగీ, ఒక జత రెక్కలు అరువు తీసుకున్నాడని, ఓ పది రోజుల కింద తిరిగి పంపాడని అందులో ఉంది. అంటే చిత్రశాలల్లో రెక్కలు సామాను కింద ఉండేవి. మోడల్‌కు వాటిని జతచేసి, కిటికీ పక్కన నిలబెట్టి గీసేవాళ్లు. కరవాజో దూతల రెక్కల్లో నీడ అంత నమ్మకంగా ఉండడానికి కారణం అదే. 1597 ప్రాంతంలో వేసిన, ఈజిప్టు దారిలో మరియ కుటుంబం విశ్రాంతి తీసుకునే చిత్రంలో వీపు చూపిస్తూ వయొలిన్ వాయించే కుర్రాడి రెక్కలు నల్లటివి, ఊరపిచ్చుకలకూ పావురాలకూ దగ్గరివి. పరలోకపు మెరుపు వాటిలో ఏమీ లేదు. సాన్ లుయిజి దెయ్ ఫ్రాంచేజి చర్చి కోసం 1602లో వేసిన తొలి మత్తయి చిత్రంలో, సువార్త రాస్తున్న మత్తయి చెయ్యి దూత పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. చర్చివాళ్లు దాన్ని తిప్పికొట్టారు. ఆ చిత్రం 1945లో బెర్లిన్‌లో కాలిపోయింది, ఫొటోలే మిగిలాయి. ఇప్పుడు చర్చిలో ఉన్న రెండో చిత్రంలో దూత పైన తెల్లటి గుడ్డ సుడిలో వేలాడుతూ వేళ్ల మీద లెక్క చెబుతుంటాడు, మత్తయిని ముట్టుకోడు.

రాతిలో ఇదంతా మరో రకం ఇబ్బంది. పాలరాయి ఘనమీటరుకు 2.7 టన్నులు తూగుతుంది. నొక్కుడుకు తట్టుకుంటుంది గానీ లాగుడుకు, వంపుకు విరుగుతుంది. గాల్లోకి చాచిన రెక్క అంటే విరగడానికి సిద్ధంగా ఉన్న పలకే. అందుకే శిల్పులు రెక్కను వీపుకు దగ్గరగా ముడిచి ఉంచుతారు, లేదా బట్ట మడతను వెనక నుంచి ఆనిస్తారు. రోమ్‌లో దూతల వంతెన మీది పది విగ్రహాలకు శిల్పి బెర్నిని నమూనాలిచ్చాడు. తన చేత్తో చేసిన రెంటినీ పోప్ 9వ క్లెమెంట్ ఎండకూ వానకూ వదలనివ్వలేదు. అవి ఇప్పుడు సాంత్ ఆంద్రెయా దెల్లె ఫ్రాత్తె చర్చిలో ఉన్నాయి, వంతెన మీదవి మారు ప్రతులు. వాటిలో బట్ట సుడులు తిరిగి రెక్క మొదలు దగ్గరికే పోగవుతుంది. అందం కోసమూ అవును, బలం కోసమూ అవును.

ఇదే సమస్యకు ఇంజినీర్లు చెప్పిన జవాబు ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో ఉంది. ఆంటొనీ గోర్మ్‌లీ 1998లో నిలబెట్టిన ఉక్కు దూత ఎత్తు 20 మీటర్లు, రెక్కల వెడల్పు 54 మీటర్లు, బరువు దాదాపు 200 టన్నులు. ఒక్కో రెక్కే 50 టన్నులు. ఈకలు లేవు, వంపు లేదు, విమానం రెక్కల్లాంటి చదును పలకలు. మూడున్నర డిగ్రీలు ముందుకు వాలి ఉంటాయి. గంటకు 160 కిలోమీటర్ల గాలి తగిలినా ఆ దెబ్బంతా భుజాల గుండా ఒంట్లోకి, అక్కణ్నుంచి 20 మీటర్ల లోతు పునాదుల్లోకి దిగాలి. అందుకే పక్కటెముకల్లాంటి ఉక్కు పట్టీలు లోపల దాచకుండా బయటే పెట్టారు. పైపొర తుప్పు రంగుకు వచ్చి, ఆ తుప్పే లోపలి లోహానికి కాపలా కాసే రకం ఉక్కు అది. రంగు వేయక్కర్లేదు.

బంగారం మీద గీకుడు పని

రెక్క కట్టుబడి జోలికి పోకుండా మెరుపుతోనే పని కానిచ్చిన పద్ధతి ఇంకోటుంది. ఉఫిజిలోనే ఉన్న సిమొనె మార్తీని మంగళవార్త, 1333 నాటిది, అందులో మేటి. గబ్రియేలు తెల్లటి అంగీ నిండా బంగారు పూలు. అవి తెలుపు మీద బంగారంతో వేసిన పూలు కావు, బంగారం మీద తెలుపు వేసి గీకి తీసినవి.

పని వరస ఇలా ఉంటుంది. చెక్క మీద సుద్ద, జిగురు కలిపిన పూత పొరలు పొరలుగా వేసి నున్నగా తీస్తారు. దాని మీద ఎర్రమట్టి పూత, దాన్ని తడిపి బంగారు రేకు పరుస్తారు, ఆరాక నున్నటి రాతితో రుద్ది మెరుగు పెడతారు. ఆ మెరుగు మీద గుడ్డు పచ్చసొనలో కలిపిన రంగు నిండుగా పూస్తారు. రంగు పొడిబారి, ఇంకా రాయిలా గట్టిపడక ముందే కొయ్య పుల్లతో పూవు ఆకారంలో గీకితే అడుగు బంగారం బయటపడుతుంది. చివరగా ఆ బంగారం మీద సన్నటి మొనతో చుక్కలు కొడతారు, వెలుగు ఒక్క వైపుకే జారకుండా చెదురుతుంది. తొందరపడి గీకితే రంగు ముద్దగా లేస్తుంది, ఆలస్యం చేస్తే పెచ్చులుగా ఊడుతుంది. పుల్లకు బదులు ఇనుప మొన వాడితే బంగారం చిరిగి ఎర్రమట్టి కనిపిస్తుంది.

ఆ చిత్రంలో గబ్రియేలు మోకాళ్ల మీద ఉన్నాడు, భుజాల మీది గళ్ల దుప్పటి మాత్రం ఇంకా వెనక గాల్లో మెలికలు తిరుగుతోంది. ఇప్పుడే, ఈ క్షణమే దిగాడని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి! నోటి నుంచి మరియ చెవి దాకా వందనం మాటలు బంగారంలో ఉబ్బెత్తుగా సాగుతాయి. చేతిలో ఆలివ్ కొమ్మ. సిమొనెది సియెనా. ఆ ఊరి చిత్రకారులు గబ్రియేలు చేతికి కలువ ఇవ్వడానికి ఇష్టపడేవాళ్లు కాదు, కలువ పొరుగు శత్రువు ఫ్లోరెన్స్ చిహ్నం. కలువలను తీసుకెళ్లి మధ్యలో కుండీలో పెట్టారు.

ఉత్తరాది ఫ్లాండర్స్‌లో నూనె రంగులు రావడంతో బంగారు రేకు అవసరం తగ్గింది. పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తూ యాన్ వాన్ ఐక్ వాషింగ్టన్‌లో ఉన్న మంగళవార్తలో గబ్రియేలుకు ఇంద్రధనుస్సు రెక్కలు పెట్టాడు. భుజం చిక్కు ఆయనకు రాలేదు, ఎందుకంటే దూత జరీ బరువుతో కిందికి జారే పెద్ద చర్చి వస్త్రం కప్పుకున్నాడు. ఫ్లాండర్స్ దూతలు ఎప్పుడూ పూజకు సాయం చేసే సేవకుల వస్త్రాలే వేసుకుంటారు. పూజ చేసే గురువు వేసుకునే పైవస్త్రం వాళ్ల ఒంటి మీద కనిపించదు. బలి అర్పించేవాడు క్రీస్తు, దూతలు అందిస్తారు, అంతే. గెంట్ నగరంలోని 1432 నాటి పెద్ద పూజాపీఠ చిత్రంలో పాడే దూతలకైతే రెక్కలే లేవు. స్వరం అందుకోవడానికి నుదురు ముడిచి, నోరు వంకర తిప్పుకుని మరీ పాడుతున్నారు.

రెక్క లేకుండా ఎగరడం

రెక్కలున్నా ఎగరడాన్ని వాటికే వదిలేయకుండా ఏం చేయొచ్చో, ఇటలీలోని పాదువా ఊళ్లో జొత్తో 1305 ప్రాంతంలో గోడల తడి సున్నం మీద వేసిన ఫ్రెస్కోలు చూపిస్తాయి. క్రీస్తు శవం మీద ఏడుపు దృశ్యంలో పైన ఆకాశమంతా చిన్న దూతలు. ఒకరు జుట్టు పీక్కుంటారు, ఒకరు చేతులు చాచి వెనక్కి విరుచుకుపడతారు, ఒకరు తలకిందులుగా దూకుతారు. నడుము కింద ఒళ్లు మెల్లగా మేఘపు తోకగా మారిపోతుంది, కాళ్లు గీయలేదు. కాళ్లుంటే అవి ఎక్కడో ఒకచోట ఆనాలి, లేకపోతే వేలాడాలి. తోక పెట్టేసరికి ఆ బాధ తప్పింది. ఆ ఆకాశపు నీలం మాత్రం అక్కడక్కడా రాలిపోయింది. ఆ ఖనిజపు నీలం తడి సున్నంతో పొసగదు, గోడ ఆరాక జిగురుతో పూయాలి, తేమ తగిలితే అదే మొదట ఊడుతుంది.

మైకెలాంజెలో అసలు రెక్కలే వద్దన్నాడు. సిస్టీన్ చాపెల్ గోడ మీద 1541లో పూర్తయిన తుది తీర్పులో బూరలు ఊదే దూతలకు రెక్కల్లేవు, కండలున్నాయి. 1564లో జిలియో అనే మతగురువు దీన్ని తప్పుల జాబితాలో ఎక్కించాడు: రెక్క లేకపోతే దూత ఎవరో, రక్షణ పొందిన మనిషి ఎవరో తెలిసేదెలా అని. నింద సమంజసమే. ఆ గోడ ముందు నిలబడ్డ ఎవరికైనా అదే తడబాటు కలుగుతుంది. మైకెలాంజెలోకు ఆ తేడా అక్కర్లేకపోవడమే అసలు సంగతి. ఎగరడం వీపు పని కాదు, ఒళ్లంతటి పని అన్నది ఆయన పద్ధతి.

ఆ పద్ధతి మన శిల్పులకు అంతకు పన్నెండు వందల ఏళ్ల ముందే బాగా తెలుసు. అమరావతి స్తూపం పలకల మీద, క్రీస్తుశకం తొలి శతాబ్దాల పని, స్తూపానికి రెండు వైపులా గాల్లో తేలుతూ దేవతలు నమస్కరిస్తుంటారు. రెక్కల్లేవు. మోకాళ్ల దగ్గర కాళ్లు వెనక్కి ముడిచి, ఛాతీ ముందుకు చాచి, నడుము మెలితిప్పితే చాలు, బరువు మాయమవుతుంది. మన దగ్గర రెక్క గరుత్మంతుడిది, కిన్నెరలది. గంధర్వులకూ విద్యాధరులకూ దానితో పనిలేదు. అజంతా 17వ గుహలో ఇంద్రుడు పరివారంతో దిగివస్తుంటే మెడలోని ముత్యాల పేటలు ఒక పక్కకు కొట్టుకుపోతాయి. వేగాన్ని నగలు చెబుతున్నాయి. సిమొనె మార్తీని దుప్పటి చేసిన పనే ఇదీ.

పారశీక చిత్రకారులది మధ్యేమార్గం. రెక్కలుంటాయి, వాటి బరువు గురించి పట్టింపు ఉండదు. హెరాత్‌లో 1436 ప్రాంతంలో తయారై ఇప్పుడు పారిస్‌లో ఉన్న మిరాజ్ గ్రంథంలో ప్రవక్త ఆకాశయాత్రలో కనిపించే దూతలకు మంగోలు ముఖాలు, నడుముకు ఎగిరే పట్టీలు, మూడు నాలుగు రంగుల మెట్లున్న రెక్కలు. డెబ్బై తలల దూత ఉన్నాడు, కోడిపుంజు రూపపు దూత ఉన్నాడు. ప్రభామండలం గుండ్రంగా కాక మంటలా లేస్తుంది.

బుజ్జి పిల్లలు, తుపాకీ వీరులు

రఫాయెల్ 1512లో వేసిన సిస్టీన్ మడోన్నా అడుగున గడ్డం చేత్తో ఆనించుకున్న ఇద్దరు పిల్లలు గ్రీటింగ్ కార్డుల నుంచి బిస్కట్ డబ్బాల దాకా ఎక్కారు. నిజానికి వాళ్లు రోమన్ మన్మథుడి సంతానం, పక్షి పిల్ల రెక్కలతో సహా. డ్రెస్డెన్‌లో ఉన్న అసలు చిత్రం 265 సెంటీమీటర్ల ఎత్తు, అందులో వాళ్లది అట్టడుగు పట్టీ మాత్రమే. మరియ వెనక తెల్లటి మబ్బులా కనిపించేదంతా మబ్బు కాదు. తేరిపార చూస్తే చిన్నారి ముఖాలు కిక్కిరిసి ఉంటాయి. కార్డుల మీద చూసి వెళ్లినవాళ్లు ఆ ముఖాలను గమనించకుండానే తిరిగొస్తారు.

ఈ పిల్లలు మొగలు కొలువుకు కూడా చేరారు. 1580లో జెజుయిట్ మతగురువులు ఫతేపూర్ సిక్రీలో అక్బరుకు ఆంట్‌వెర్ప్‌లో అచ్చయిన బైబిలు సంపుటాలు సమర్పించారు, వాటితో పాటు యూరప్ ముద్రణ బొమ్మలు ఆస్థాన చిత్రకారుల చేతికొచ్చాయి. ఆ ఆస్థాన చిత్రకారుడు బిచిత్ర్ 1615–18 మధ్య వేసిన జహంగీర్ చిత్రంలో చక్రవర్తి ఇసుక గడియారం ఆసనంగా కూర్చుని రాజులను కాదని ఒక సూఫీకి పుస్తకం ఇస్తుంటాడు. గడియారం అడుగున ఇద్దరు రెక్కల పిల్లలు ఆయన వెయ్యేళ్లు బతకాలని పారశీకంలో రాస్తున్నారు. పైన ఇంకో ఇద్దరు: ఒకడు ముఖం కప్పుకున్నాడు, ఒకడి చేతిలో బాణం విరిగింది. మతంతో సంబంధం తెగిపోయి దూత కాస్తా చక్రవర్తి ప్రతాపానికి సాక్షి అయ్యాడు.

అన్నిటికంటే వింత వేషం ఆండీస్ పర్వతాల్లో దొరుకుతుంది. 17వ శతాబ్దం చివరి నుంచి కుస్కో, లా పాజ్ ప్రాంతాల చిత్రశాలలు స్పానిష్ దొరల జరీ కోటు, లేసు చేతులు, ఈకల టోపీ తొడిగి, చేతికి తుపాకీ ఇచ్చి దూతలను వేశాయి. ఒకడు మందు కూరుతున్నాడు, ఒకడు గొట్టం శుభ్రం చేస్తున్నాడు, ఒకడు గురిపెట్టాడు. ఈ భంగిమలకు మూలం డచ్చి చిత్రకారుడు జాకబ్ ద గెయిన్ 1607లో అచ్చు వేసిన సైనిక శిక్షణ బొమ్మలు. స్థానిక చిత్రకారులు అందులోని సిపాయిని తీసేసి దూతను నిలబెట్టారు. తుపాకీ పట్టే తీరు కచ్చితంగా ఉంటుంది, రెక్క మాత్రం వీపు వెనక పెట్టిన రంగుల అట్ట. నీడ దాదాపు లేదు. కోటు మీద బంగారు పూలను బట్ట మడతలతో పనిలేకుండా చదునుగా అద్దారు. యూరప్ కొలతతో చూస్తే ఇవన్నీ లోపాలే. కానీ ఆ చదునుతనం వల్లే దూత నేల మీది సిపాయిలా కాకుండా చర్చి గోడ మీద మెరిసే నగలా కనిపిస్తాడు.

దెబ్బతిన్న రెక్క, గీతగా మిగిలిన రెక్క

ఫిన్లాండ్ చిత్రకారుడు హ్యూగో సింబెర్గ్ 1903లో గాయపడ్డ దూతను గీశాడు. ఇద్దరు కుర్రాళ్లు మోసే కర్రల పల్లకీ మీద తెల్లబట్టల పిల్ల, కళ్లకు కట్టు, రెక్క మీద నెత్తురు మరక, చేతిలో తెల్లపూల గుత్తి. వెనక నడిచే కుర్రాడు మన వైపే కోపంగా చూస్తున్నాడు. 2006లో ఫిన్లాండ్ ప్రజలు దీన్నే తమ జాతీయ చిత్రంగా ఎన్నుకున్నారు. ఇక్కడ రెక్కకు బరువుంది. ఆమె ముందుకు వంగి కూర్చున్న తీరులోనే అది తెలుస్తుంది.

20వ శతాబ్దపు చిత్రకారుడు పాల్ క్లే మాత్రం ఆ బరువును పూర్తిగా దించేశాడు. 1920 నాటి ఆంగెలుస్ నోవుస్, 31.8 × 24.2 సెంటీమీటర్ల కాగితం, ఇప్పుడు జెరూసలేంలో ఉంది. ఒక కాగితానికి నల్ల నూనె రంగు పూసి, దాన్ని బోర్లించి, పైన బొమ్మను సూది మొనతో నొక్కుతూ గీస్తే అడుగు కాగితం మీదికి గీత దిగుతుంది. గీతతో పాటు చెయ్యి ఆనిన చోటల్లా మరకలు పడతాయి. ఆ మరకలను ఆయన తుడవలేదు, మీద నీటిరంగు వేశాడు. దూత తల పెద్దది, కాళ్లు పిట్ట కాళ్లు, రెక్కలు పైకెత్తిన రెండు చేతులు, కొసన వేళ్లు. దీంతో ఎగరలేడని చూడగానే తెలుస్తుంది. 1939లో, చర్మం బిగుసుకుపోయే జబ్బుతో వేళ్లు సరిగా ఆడని రోజుల్లో, క్లే పెన్సిలుతో దూతలను వరసగా గీశాడు. మతిమరుపు దూత, ఇంకా తడుముకుంటున్న దూత, ఇలా ఉంటాయి వాటి పేర్లు. చాలావాటిలో మెడ నుంచి బయల్దేరిన గీత ఎత్తకుండానే చెయ్యి అవుతుంది, అదే తిరిగొచ్చి రెక్క అవుతుంది, ఏది ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం.